షామ్ అంటే ఏంది మేడమ్?

మా పిల్లలకు మోసమంతా ఒకటే. పరీక్ష వాయిదా పడిందని ఎవడో పుకారు లేపినా మోసమే, ఫోన్‌లో ఓటీపీ అడిగి ఖాతా ఊడ్చేసినా మోసమే, క్యాంటీన్ సమోసాలో ఆలుగడ్డ తక్కువైనా మోసమే. ఇంగ్లీషులో కూడా దానికి వాళ్ల దగ్గర ఒక్కటే మాట ఉండేది, ఫేక్. పేపర్లు దిద్దుతుంటే స్కామ్ రాయాల్సిన చోట స్పామ్, హోక్స్ రాయాల్సిన చోట బ్లఫ్ కనిపించేవి. మార్కులు తగ్గిస్తే, "రెండిట్లా మోసమే గద మేడమ్, గింత కోపమెందుకు?" అని నన్నే ఓదార్చేవాళ్లు.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని. మాది అప్పటి నల్లగొండ జిల్లా, మోత్కూర్ దగ్గర పల్లె. ఆ జిల్లా నుంచి ఈ జిల్లాకు వచ్చి, ఒక ఇంటి మీది గది కిరాయికి తీసుకుని, పొద్దున ఉప్మా, రాత్రి పొద్దుటి ఉప్మా తిని బతికాను. మా కాలేజీ ఇంగ్లీషు పుస్తకం చివర తరచూ తికమకపడే మాటలని ఒక పాఠం ఉండేది. అందులో మోసానికీ, పనికిమాలిన కూతలకూ ఇంగ్లీషువాళ్లు వాడే వాడుక మాటలన్నీ ఒకచోట పోగేశారు. అర్థాలు బోర్డు మీద రాస్తే పిల్లలు నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకునేవారు, మర్నాటికి మరిచిపోయేవారు. చివరికి అర్థాలు చెప్పడం మానేసి ఒక ప్రశ్న పెట్టాను. అబద్ధమని ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు?

దాంతో క్లాసు మారిపోయింది. ఉప్పు దొరకదట అని ఒక సాయంత్రం ఊరంతా గోల లేచి, మా ఇంటి ఓనరమ్మ బస్తా ఉప్పు కొని మంచం కింద దాచింది చూడండి, అది హోక్స్. లేనిదాన్ని ఉన్నదని ఊరిని నమ్మించడం. పేకాటలో చేతిలో చెత్తముక్కలు పెట్టుకుని ధీమాగా మీసం దువ్వేవాడిది బ్లఫ్. నమ్మించి జేబు కొట్టేస్తే స్కామ్. అడగకపోయినా లోన్ కావాలా, ప్లాటు కావాలా అని ఫోన్‌లో వచ్చి పడేది స్పామ్. ఇక చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు, అయినా ఇద్దరూ తల ఊపుకుంటూ కూర్చుంటే అది బంకమ్, బలోనీ, హంబగ్. మన భాషలో ఉత్త ముచ్చట. ఈ చివరి దానికి ఉదాహరణ చెప్పండి అంటే వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు, "మన కరస్పాండెంట్ సారు ల్యాబు కట్టిస్త అనుడు మేడమ్." క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ నా నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకంటే ఆయన ల్యాబు మాట పిల్లలకు ఎన్నిసార్లు చెప్పాడో, నా సర్టిఫికెట్ల మాట నాకు అంతకంటే ఎక్కువసార్లు చెప్పాడు.

ఆ సంగతి చెప్పాలి. మా వైపు ప్రైవేటు కాలేజీల్లో చేరిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, ఊరికే నిట్టూరుస్తారు. చేరిన రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారు. చూసి ఇచ్చేస్తామంటారు. అవి ఆఫీసు గదిలో ఉండే ఇనుప బీరువాలోకి వెళ్తాయి. ఆ తర్వాత మనం ఎక్కడికీ వెళ్లం. పదో తరగతి మెమో నుంచి పీజీ పట్టా దాకా ఆ బీరువాలో ఉంటే, ఇంకో కాలేజీ పిలిచినా ఏం చూపించి వెళ్తాం? గొలుసు లేదు, కాపలా లేదు. పొద్దున గేటు తీసే ఉంటుంది, సాయంత్రం తీసే ఉంటుంది. మనమే మళ్లీ వస్తాం.

నేను చేరిన రోజు సారు నాకు చాయ్ తాగించాడు. తెల్ల చొక్కా, నుదుట గంధం, మెత్తటి గొంతు. ఆయన ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. గట్టిగా అంటే మనమూ గట్టిగా అనొచ్చు.

"నువ్వు మా బిడ్డ లెక్క," అన్నాడు. "గీ బీరువాల ఉన్నయంటే బ్యాంకు లాకర్ల ఉన్నట్టే. జర కూడా ఫికర్ చేయకు."

కాగితాలు తీసి చూస్తూ మూలల్లో పసుపు మరకలు చూసి నవ్వాడు. అది మా అమ్మ పని. ఇంటికి కొత్త కాగితం ఏది వచ్చినా నాలుగు మూలలా పసుపు పెట్టాలి ఆమెకు. పొలం పాసుపుస్తకానికి పెట్టింది, బాపు కొన్న పాత బండి కాగితాలకు పెట్టింది, నా ప్రతి మెమోకూ పెట్టింది. పొడి పసుపు కాదు, నీళ్లతో తడిపి బొటనవేలితో అద్దేది. కాగితం పీల్చుకుని వెనక వైపు కూడా పచ్చగా దిగేది. ఎక్కడికి వెళ్లినా గుమస్తాలు విసుక్కునేవారు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. వద్దమ్మా అంటే వినేది కాదు. "చదువు ఇంట్లకు వచ్చింది బిడ్డా, ఉత్తగ ఎట్ల లోపటికి తీస్కుంటం?" అనేది.

చేరిన కొత్తల్లో అడగాలని కూడా అనిపించలేదు. ఏడాది గడిచాక నల్లగొండలో ఒక కాలేజీ వాళ్లు పిలిచారు. ఇంటికి దగ్గర. సంతోషంగా వెళ్లి సారును అడిగాను. బీరువా తాళంచెవి వాళ్లావిడ దగ్గర ఉంది, ఆమె తిరుపతి పోయింది అన్నాడు. ఆమె వచ్చాక అడిగితే ఆడిటర్ దగ్గర ఉన్నాయి అన్నాడు. తర్వాత అమావాస్య వెళ్లనీ అన్నాడు. ఆ తర్వాత అకడమిక్ ఇయర్ అయిపోనీ అన్నాడు. అది అయిపోయాక, "నడిమిట్ల పిల్లల్ని ఇడిసిపెట్టి పోతవా బిడ్డా? నీకు మనసెట్ల వస్తది?" అన్నాడు. వేసవి సెలవుల్లో నడిమి ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. అయినా తల ఊపి బయటికి వచ్చాను. ఆయనకు తెలుసు, నాకు తెలుసు. నా సొంత పాఠం ప్రకారమే అది బంకమ్. నల్లగొండ కాలేజీ వాళ్లు ఇంకెవరినో తీసుకున్నారు.

స్టాఫ్‌రూమ్‌లో కామర్స్ చెప్పే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన కాగితాలు అదే బీరువాలో ఎప్పటినుంచో ఉన్నాయి. నేను మండిపడుతుంటే నవ్వేవారు. "మొదటి ఏడు నేను గిట్లనే ఎగిరిన. ఇప్పుడు సూడు, ఎంత సల్లగున్ననో," అనేవారు. ఆయన్ని చూస్తే నాకు భయం వేసేది. ఆ చల్లదనం నాకు కూడా వచ్చేస్తుందేమోనని భయం. పొద్దున కాలేజీ గేటు దాటేటప్పుడు అప్పుడప్పుడూ ఊపిరి ఆడనట్టు ఉండేది. ఇంత చదివి, ఒక ఇనుప డబ్బా ముందు చేతులు కట్టుకుని నిలబడటమేంటని రోత పుట్టేది. పోలీసులకు చెబుదామని బాపుతో అంటే ఆయన ఫోన్‌లోనే గొంతు తగ్గించాడు. "పెద్దోళ్లతోని మనకెందుకు బిడ్డా? మంచిగ అడుగు. నువ్వు మంచిగ అడుగుతలేవు కావచ్చు." పోగొట్టుకున్నానని అబద్ధం చెప్పి కొత్తవి తీసుకోవచ్చని ఎవరో సలహా ఇచ్చారు. బీరువాలో ఉన్న నా చదువు పోయిందని నేనే స్టేషన్‌లో రాసివ్వాలట. ఒళ్లు మండింది.

అలాంటి రోజుల్లో గురుకుల టీచర్ల పరీక్ష రాశాను. పగలు క్లాసులు చెప్పి, సాయంత్రం మిద్దె మీద గోడకు ఆనుకుని చదివాను. ఫలితాలొచ్చాయి. నా నంబరు ఉంది. సోమవారం హైదరాబాద్‌లో సర్టిఫికెట్ల పరిశీలన, ఒరిజినల్స్ లేనివాళ్లను పరిగణించరు. అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. బాపు ఏడవలేదు కానీ, "కాయితాలు చేతికొచ్చినయా?" అని అప్పట్నుంచి పూటపూటకూ ఫోన్ చేశాడు. ఇంటికి గవర్నమెంటు ఉద్యోగం గుమ్మం దాకా వచ్చి నిలబడింది. దాన్ని లోపలికి పిలవాలంటే ఆ బీరువా తెరవాలి.

సారుకు చెప్పాను. ఆయన ఎంత సంతోషించాడంటే, స్వీటు డబ్బా తెప్పించి స్టాఫ్‌కంతా పంచాడు. నాకు రెండు ఇచ్చాడు.

"ఇస్త బిడ్డా, ఇయ్యకుంట ఎక్కడ పోత?" అన్నాడు. "శనివారం మన మక్తల్ బ్రాంచికి ఇన్‌స్పెక్షన్ ఉన్నది. నువ్వు జర వచ్చి కూసో. అది అయిపోంగనే అక్కడ్నే నీ చేతుల పెడ్త. నీ సర్టిఫికెట్లు కూడా అక్కడికే వస్తయి."

నావి అక్కడికి ఎందుకొస్తాయో అప్పుడు తట్టలేదు. చేతిలో పెడతానన్న ఆ మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది.

శనివారం పొద్దున ఆయన కారులోనే వెళ్లాం. మహబూబ్‌నగర్ దాటాక చెట్లు పలచబడతాయి. రోడ్డుకు రెండు వైపులా కంది కోసేసిన చేలు, రాళ్ల గుట్టలు. సారు దారంతా మా ఇంటి క్షేమసమాచారాలు అడుగుతూనే ఉన్నాడు. బాపు మోకాళ్ల నొప్పికి ఏ నూనె రాయాలో కూడా చెప్పాడు. నిజంగానే మంచి మనిషేమో, నేనే తొందరపడ్డానేమో అని దేవరకద్ర దాటేలోపు అనిపించింది. మంచిగా అడగడం లేదన్న బాపు మాట గుర్తొచ్చింది.

మక్తల్ బ్రాంచి అంటే మార్కెట్ దాటాక ఒక రెండంతస్తుల ఇల్లు. కింద ఎరువుల గోదాము, పైన కాలేజీ. మెట్లు ఎక్కగానే గోడకు పెద్ద బోర్డు ఉంది. అధ్యాపకుల పేర్లు. ఇంగ్లీషు విభాగాధిపతి అని ఉన్న చోట నా పేరు, పక్కన నా డిగ్రీలు, పసుపచ్చ రంగుతో శుభ్రంగా రాసి ఉన్నాయి. పెయింటు కొత్తది కాదు. ఎండకు వెలిసి, ఒక అక్షరం పొట్టు లేచింది. అంటే అక్కడ నేను చాలాకాలంగా పనిచేస్తున్నాను. నాకే తెలియదు.

"గిదేంది సార్?" అన్నాను.

"ఏం గాదు బిడ్డా. రెండు కాలేజీలు మనయే గదా. నువ్వు మన బిడ్డవే గదా."

అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆయన తాళంచెవి దాచింది నేను వెళ్లిపోతానని కాదు. నా కాగితాలకు ఇక్కడ ఉద్యోగం ఉంది కాబట్టి. మహబూబ్‌నగర్‌లో నేను పాఠం చెబుతుంటే, మక్తల్‌లో నా పట్టాలు కుర్చీలో కూర్చుంటున్నాయి. కామర్స్ పెద్దాయన పేరు కూడా నా పేరు కిందే ఉంది. అరిచి మెట్లు దిగిపోవాలనిపించింది. దిగిపోతే సోమవారం ఏం పట్టుకుని వెళ్లాలి? నోరు మూసుకుని స్టాఫ్‌రూమ్ అన్న గదిలో కూర్చున్నాను. గోదాము నుంచి యూరియా వాసన పైకి కొడుతోంది.

ఇన్‌స్పెక్షన్‌కు యూనివర్సిటీ నుంచి ఒక పెద్ద మేడమ్ వచ్చారు. నిదానంగా మాట్లాడే మనిషి, కళ్లజోడు కింది నుంచి చూస్తారు. లైబ్రరీ చూశారు, కుర్చీలు చూశారు, మా అందరి ఫైళ్లు తన ముందు పెట్టించుకున్నారు. నా ఫైలు చూస్తూ తల ఎత్తారు.

"ఇంగ్లీషు మీరేనా? ఒక్క క్లాసు తీసుకోండమ్మా, చూస్తాను."

సారు ముఖం ఒక్క క్షణం మారింది. అంతలోనే నవ్వాడు. "తప్పకుండ మేడమ్. మా బిడ్డ మంచిగ చెప్తది."

క్లాసులో పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. సగంమంది పక్క జూనియర్ కాలేజీ నుంచి అరువుకు తెచ్చినవాళ్లని చూడగానే తెలిసింది. వాళ్ల యూనిఫాం మీద ఇంకో కాలేజీ పేరు కుట్టి ఉంది, దాన్ని చున్నీలతో కప్పుకుని కూర్చున్నారు. మిగతా సగం నిజంగా అక్కడ చదువుకుంటున్నవాళ్లు. వాళ్లు నన్ను చూసే తీరు వేరుగా ఉంది. ఆకలిగా చూశారు అంటే ఎక్కువ చెప్పినట్టు అవుతుందేమో, కానీ అంతకంటే దగ్గర మాట నాకు దొరకలేదు. మేడమ్ వెనక బెంచీలో కూర్చున్నారు. సారు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పుస్తకం లేదు, సిలబస్ ఎక్కడి దాకా అయిందో తెలియదు. అసలు మొదలయిందో లేదో తెలియదు. నోటికి వచ్చిన పాఠం ఒక్కటే. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద హోక్స్, బ్లఫ్, స్కామ్, షామ్ అని రాశాను.

ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టాను. ఉప్పు కథ చెబితే నవ్వారు. పేకాట కథ చెబితే మగపిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. స్కామ్ అనగానే ఒక అబ్బాయి వాళ్ల మామకు లాటరీ తగిలిందని వచ్చిన ఫోన్ గురించి చెప్పాడు, వాళ్ల మామ ఊరందరికీ చాయ్‌లు తాగించాక తేలిందట అది మోసమని. మేడమ్ కూడా నవ్వారు. పది నిమిషాలు నేను ఎక్కడ ఉన్నానో, ఎందుకొచ్చానో మరిచిపోయాను. పాఠం చెప్పడంలో నాకు ఉన్న జబ్బు అది.

షామ్ మాట దగ్గరికి రాకుండా గంట కొడితే బాగుండు అనుకుంటున్నాను. ముందు వరసలో, రెండు జడలు వేసుకున్న అమ్మాయి లేచింది. యూనిఫాం అక్కడిదే.

"షామ్ అంటే ఏంది మేడమ్?"

గుమ్మంలో సారు చూస్తున్నాడు. తప్పు అర్థం చెప్పొచ్చు. దాటేసి రేపు చెబుతాననొచ్చు. రేపు నేను ఉండను, అది నాకూ సారుకూ మాత్రమే తెలుసు. కానీ ఆ పిల్ల పెన్ను పట్టుకుని రాసుకోవడానికి సిద్ధంగా నిలబడింది. రాసుకునే పిల్లకు తప్పు చెప్పడం నావల్ల కాలేదు.

"పైకి అన్నీ ఉన్నట్టు ఉంటది," అన్నాను. ఎందుకో నా ఊరి మాటే వచ్చింది. "బోర్డు ఉంటది, పేర్లు ఉంటయి, కుర్చీలు ఉంటయి. లోపట ఎవ్వలుండరు. దాన్ని షామ్ అంటరు."

ఆ అమ్మాయి రాసుకుంది. రాసుకుని తల తిప్పి తలుపు లోంచి మెట్ల దగ్గరున్న బోర్డు వైపు చూసింది. కూర్చుంది.

"చాలా బాగా చెప్పారమ్మా," అన్నారు మేడమ్. "ఈ పిల్లలు అదృష్టవంతులు."

ఆమెను తప్పు పట్టను. ఆమె చూసింది ఒక క్లాసు, అది నిజమైన క్లాసే. ఆఫీసు గదిలోకి వచ్చాక ఆమె సంతకాలు పెడుతుంటే, నా ఫైలు ఆమె మోచేతి పక్కనే ఉంది. ప్లాస్టిక్ కవర్లలో నా మెమోలు, మూలల్లో మా అమ్మ పసుపు. చేయి చాపితే అందుతుంది. ఆమె లేచి వెళ్లిపోయాక సారు ఇస్తాడని నాకు ఇక నమ్మకం లేదు. ఫైలు మీద చేయి పెట్టాను.

"మేడమ్, మీరు చూసుడు అయిపోయిందా? సోమవారం నాకు ఇవి పనికున్నయి. సారు తీస్కపొమ్మన్నరు."

"తీసుకోండి, తీసుకోండి," అన్నారు ఆమె తల ఎత్తకుండానే.

ఫైలు తీసుకున్నాను. సారు నా వైపు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. ఆయన మెల్లగా నవ్వి, "జాగ్రత్త బిడ్డా," అన్నాడు. ఆ నవ్వు చూసి ఇంత సులువుగా వదిలేశాడే అనిపించింది. కానీ ఆగి ఆలోచించే ఓపిక లేదు. మెట్లు దిగి, గోదాము దాటి, బస్టాండుకు ఉరికాను. మహబూబ్‌నగర్ బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని ఫైలు ఒళ్లో పెట్టుకున్నాక రెండేళ్ల తర్వాత మొదటిసారి కడుపు నిండా గాలి పీల్చినట్టు అనిపించింది. బాపుకు ఫోన్ చేసి, "వచ్చినయి బాపూ," అన్నాను. ఆయన ఫోన్ పెట్టకుండానే అమ్మను కేకేశాడు.

మరికల్ దాటాక పదో తరగతి మెమో కవర్లోంచి బయటికి తీశాను. ఊరికే, చేత్తో పట్టుకోవాలనిపించి. మూలన ఉన్న పసుపు మీద బొటనవేలు పెట్టాను. కాగితం నున్నగా తగిలింది. వెనక్కి తిప్పాను. వెనక తెల్లగా ఉంది.

ఇంకోటి తీశాను. అదీ తెల్లగానే ఉంది. ఒడిలో అన్నీ పరిచి, ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ముందు వైపు నాలుగు మూలలా అమ్మ వేలిముద్రలు. వెనక్కి ఒక్క చుక్క దిగలేదు. కలర్ జిరాక్సులు. మంచి కాగితం మీద, మంచి మిషన్‌తో తీసినవి. పసుపు రంగు కూడా అచ్చుగుద్దినట్టు దిగింది. పక్క సీట్లో కూర్చున్న ముసలామె, "ఏమైంది బిడ్డా, ఎందుకేడుస్తున్నవ్?" అని అడిగేదాకా నేను ఏడుస్తున్నట్టు నాకు తెలియలేదు.

ఆయన నవ్వు అప్పుడు అర్థమైంది. బాపుకు మళ్లీ ఫోన్ చేయడానికి చేయి రాలేదు. దేవరకద్ర వచ్చింది, పోయింది. ఏడుపు ఆగాక కోపం వచ్చింది, కోపంలోంచి ఒక ఆలోచన వచ్చింది. ఈ కాగితాలను ఆయన ఇప్పుడే ఒరిజినల్స్ అని చూపించి సంతకం పెట్టించుకున్నాడు. అవి ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి.

ఆదివారం పొద్దున ఆయన ఇంటికి వెళ్లాను. వరండాలో పేపర్ చదువుకుంటున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమన్నాడు, చాయ్ చెప్పాడు. నేను కూర్చోలేదు.

"సార్, నా కాయితాలు ఇయ్యున్రి. లేకుంటే నిన్నటి మేడమ్‌కు ఫోన్ చేస్త. గవన్నీ జిరాక్సులని చెప్త. నంబరు ఇచ్చి పోయింది నాకు."

ఆమె నంబరు నా దగ్గర లేదు. ఆమె పేరు కూడా నాకు సరిగ్గా తెలియదు. చేతిలో చెత్తముక్కలు పెట్టుకుని నేను ధీమాగా నిలబడ్డాను. సారు పేపర్ మడిచి పక్కన పెట్టి నా ముఖంలోకి చూశాడు. నిన్న గుమ్మంలో నిలబడి పేకాట కథ విన్నవాడే, అయినా ఇప్పుడది గుర్తు రాలేదు, అది నా అదృష్టం.

"మా బిడ్డవనుకున్న నిన్ను," అన్నాడు చివరికి. ఆ మాటలో నిజంగానే బాధ ఉంది. అది చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

కాలేజీకి తీసుకెళ్లి బీరువా తెరిచాడు. అరలన్నీ ఫైళ్లే. నాది తీసి, ఇచ్చే ముందు చేయి చాచాడు. "గవి ఇటియ్యి."

అన్నీ తిప్పి చూసుకున్నాను. వెనక పసుపు ఉంది. జిరాక్సులు ఆయనకు ఇచ్చేశాను. అప్పుడు నాకు ఆ బీరువాలోంచి నా చదువు బయటికి రావడం తప్ప ఇంకేదీ కనబడలేదు. సోమవారం హైదరాబాద్‌లో ఒక గుమస్తా మూలలు చూసి, "ఏందమ్మా గీ పసుపు?" అని విసుక్కున్నాడు. మా అమ్మ పెట్టింది సార్ అని గట్టిగా చెప్పాను.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఆలేరు వైపు ఒక గురుకులంలో ఇంగ్లీషు చెబుతున్నాను. కామర్స్ పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నారని ఒకటి రెండుసార్లు విన్నాను. మక్తల్ బోర్డు గురించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొన్న బడి తెరిచిన వారం, కొత్త పిల్లల్ని దింపడానికి వచ్చిన వాళ్ల రద్దీలో ఒక యువతి నా దగ్గరికి వచ్చింది. అత్తగారిల్లు ఇటు వైపేనట. చెల్లెలు తనకు దగ్గర్లో ఉంటుందని ఇక్కడి హాస్టల్లో చేర్పిస్తోంది. నన్ను చూసి ఆగిపోయింది.

"మీరు మా ఇంగ్లీష్ మేడమే గదా? మక్తల్ కాలేజీల?"

ముఖం చూస్తే గుర్తు రాలేదు. "షామ్ అంటే ఏందని నేనే అడిగిన మేడమ్," అంది. రెండు జడలు గుర్తొచ్చాయి.

"మీరు ఆ దినం చెప్పిన క్లాసు నాకింక యాదికున్నది. మీరు మళ్ల వస్తరని మస్తు చూసినం. అడిగితే మేడమ్ లీవుల ఉన్నది, వస్తది అనేటోళ్లు. డిగ్రీ అయిపోయేదాక బోర్డు మీద మీ పేరు అట్లనే ఉండె." ఆమె గొంతులో నింద లేదు. ఉంటే బాగుండు. "బోర్డున్నది, లోపట ఎవ్వలు లేరు అని మీరే చెప్పిన్రు. మాదే అనుకోలే మేడమ్. మీరు వస్తరనే అనుకున్న."

చెల్లెలు అక్క చున్నీ పట్టుకుని మమ్మల్ని మార్చి మార్చి చూస్తోంది.

"మా చెల్లె క్లాసుకు రోజు వస్తరు గదా మేడమ్?"

"వస్తానమ్మా," అన్నాను. మెత్తగా, ప్రేమగా అన్నాను. నా చెవికే అది మా సారు గొంతులా వినబడింది. ఆమెకు కూడా అలాగే వినిపించిందేమో, వెళ్లే ముందు వంగి చెల్లెలి చెవిలో ఏదో చెప్పింది. తర్వాత అక్క ఏం చెప్పిందని ఆ పిల్లను అడిగాను. పిల్ల సిగ్గుపడుతూ చెప్పింది.

"మేడమ్ రాని దినం నాకు ఫోన్ చెయ్ అన్నది."

ఇప్పుడు నా కాగితాలన్నీ నా బీరువాలోనే ఉన్నాయి, తాళంచెవి నా దగ్గరే ఉంది. పోయిన వారం జ్వరం వచ్చింది. గోళీ వేసుకుని, శాలువా కప్పుకుని క్లాసుకు వెళ్లాను. ఆ పిల్ల ముందు వరసలో కూర్చుని నేను లోపలికి వచ్చేదాకా తలుపు వైపే చూస్తోంది.